ఎలుగు బోను ముందర

పోయిన వారం కథలో అంకప్ప మేస్త్రిని వేలూరు జైలు గేటు బయట, మిట్ట ఎండలో నిలబెట్టి వచ్చినాము. బెయిలు తెచ్చిన కొడుకు శరవణన్ పక్కనే ఉండినాడు. గుడియాత్తం మృగాల తోటలో ఎలుగుబంటి కోసం కడతా ఉండిన కొత్త గోడ కూలింది. దాని కింద పడి, గోడలు కట్టే బేల్దారి చిన్నరాజు చచ్చిపోయినాడు. చిన్నరాజు ఎవరో పరాయివాడు కాదు, అంకప్ప చెల్లెలు గోమతి మొగుడు. గోడ కట్టించిన మేస్త్రి అంకప్ప కాబట్టి పోలీసులు అతన్నే తీసుకుపోయినారు. సిమెంటు అమ్ముకుని ఉత్త ఇసకతో గోడ లేపినాడని ఊరు ఊరంతా అనింది. చెల్లెలి మొగుడి పాడె పట్టుకునే భాగ్యం కూడా అతనికి దక్కలేదు.

తండ్రీ కొడుకులు ఎక్కిన బస్సు పళ్ళికొండ దాటింది. శరవణన్ కిటికీలోంచి బయటికే చూస్తా కూర్చున్నాడు. వాడు కాంట్రాక్టరు ధనపాల్ దగ్గర సూపర్‌వైజరు. అంకప్ప చేసేది కూడా ఆ ధనపాల్ పనే. తోట పని మొత్తం ధనపాల్ కాంట్రాక్టు, గోడల పని అంకప్పది.

"ఇంటికి పోదాం నాయనా," అన్నాడు శరవణన్ చివరికి. "అమ్మ నీళ్ళు కాచి పెట్టుంటాది. జైలు నుంచి వచ్చినోడు తలకు పోసుకోకుండా యాడికీ పోగూడదంట."

"తోట కాడ దిగదాం."

"ఆడ ఏముండాది ఇప్పుడు? గేటుకు బీగం వేసినారు. ఈ పొద్దు మదరాసు నుంచి ఆఫీసర్లు వస్తారు. నువ్వు ఆడ కనపడితే ఇంకో తంటా."

"వాళ్ళు వచ్చేలోపల నేను ఆ గోడ చూడాల. అది పడినప్పటి నుంచి నేను చూసిందే లేదు గదరా."

శరవణన్ మళ్ళీ కిటికీ వైపు తిరిగినాడు.

ఆ తోట సర్కారు పెట్టింది కాదు. లుంగీలు నేసేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, అగ్గిపెట్టెల కంపెనీ ఆడవాళ్ళు తలా కొంచెం వేసుకుని, ఏటి గట్టున మునిసిపాలిటీ ఇచ్చిన నేలలో ఎప్పుడో పెట్టుకున్నది. నాలుగు జింకలు, కోతులు, నెమళ్ళు, ఒక ఎలుగుబంటి. ఆదివారం పిల్లల్ని చంకనేసుకుని పోవడానికి ఆ ఊర్లో అదొక్కటే చోటు. ఇప్పుడు కొత్త నియమాలు వచ్చినాయి. ఇరుకు బోన్లలో మృగాల్ని పెట్టకూడదు, వాటికి ఆరుబయట ఇల్లు కట్టాల, లేదంటే తోట మూసేసి అన్నింటినీ వండలూరు జూకు తోలెయ్యాల. ఊరివాళ్ళు కాళ్ళరిగేలా తిరిగి గవర్నమెంటు గ్రాంటు సాధించుకున్నారు. గ్రాంటులో మొదటి భాగం వచ్చింది, పని మొదలయింది. మిగిలింది రావాలంటే ఆఫీసర్లు చూసి సరేననాల. బస్టాండుకు దగ్గరుండే ఆ నేల మీద తోళ్ళ వ్యాపారి శివప్రకాశం కన్ను ఎన్నాళ్ళనుంచో ఉండాది. ఆడ షాపింగ్ కాంప్లెక్సు లేపాలని అతని ఆశ. గోడ కూలిన దినం నుంచి అతను ఊర్లో ఒకటే మాట: "మట్టి మంచిది గాదు. మనుషుల్ని మింగే తోట మనకెందుకప్పా?"

అంకప్ప బస్సు దిగినాడు. శరవణన్ కూడా దిగినాడు, తండ్రి కంటే పది అడుగులు వెనక నడిచినాడు.

గేటుకు బీగం ఉండింది గానీ, పక్కన కంచె పని వాళ్ళ కోసం విప్పి పెట్టింది విప్పినట్టే ఉండింది. లోపల జింకలు నీడకు చేరుకున్నాయి. తోట చివర, గుండ్రంగా తవ్విన పెద్ద గుంత. దాని చుట్టూరా నిలువెత్తు కంటే ఎత్తుగా అంకప్ప కట్టించిన రాతి గోడ. ఒక పక్క మాత్రం గోడ లేదు. నోట్లో ముందరి పళ్ళు రాలినట్టు పెద్ద సందు, దాని కింద గుంతలో రాళ్ళ కుప్ప. రాళ్ళ మీద ఎవరో పసుపు చల్లి, ఒక దీపం ప్రమిద పెట్టినారు.

గుంతకు ఇవతల పాత బోను. ఇనుప కమ్మీల వెనక జవ్వాది అటూ ఇటూ తిరగతా ఉండింది. జవ్వాది కొండల్లో తల్లి చస్తే దొరికిన పిల్ల కాబట్టి ఆ పేరు. సీసా పాలు పట్టి దాన్ని పెంచింది, తోటలో మృగాలకు మేత పెట్టే గోమతి. ఇప్పుడది మనిషంత ఎత్తు లేస్తుంది. దాని గోళ్ళు వేలెడేసి పొడుగు. జనం దగ్గరికి పోకూడదని బోను ముందర నేల మీద తెల్ల గీత గీసినారు. ఆ గీత దాటేది గోమతి ఒక్కతే.

ఆమె అక్కడే ఉండింది. మొగుడికి కర్మాంతరం కూడా కాలేదు. ఇల్లు కదలకూడని ఆడది. కానీ వేరేవాళ్ళు పెడితే జవ్వాది ముట్టదు. బొట్టు లేని ముఖంతో, ఇనుప దంతెతో బోను ముందర పేడ లాగతా ఉండింది. అడుగుల చప్పుడుకు తల ఎత్తింది.

"గోమతీ," అన్నాడు అంకప్ప.

ఆమె దంతె రెండు చేతులా పట్టుకుని నడిచి వచ్చింది. అన్న ముందర నిలబడి అతని కళ్ళలోకి చూసింది. దంతె లేపి కొట్టింది.

ఇనుప పళ్ళు నుదుట తగిలి చెవిదాకా చీరినాయి. అంకప్ప మోకాళ్ళ మీద పడినాడు. రెండో దెబ్బ భుజం మీద పడింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు.

"నా మొగుడు నీకేం పాపం జేసినాడన్నా?" అని అరిచింది గోమతి. "నీ కాడ తాపీ పట్టడం నేర్చుకున్నాడు. నిన్ను దేవుడు అనుకున్నాడు. ఆయన మింద ఇసక గోడ కూల్చినావే! మూటకట్టి తెచ్చినారు అన్నా ఆయన్ని... ముఖం గూడా చూపించలేదు నాకు!"

మూడోసారి దంతె లేచింది. శరవణన్ పరిగెత్తి వచ్చి దాన్ని పట్టుకున్నాడు. "అత్తా, వొద్దు! చచ్చిపోతాడు!"

"చావనీ!"

అంకప్ప లేచినాడు. రక్తం కంట్లోకి కారతా ఉంటే చొక్కా చేత్తో తుడుచుకున్నాడు.  గుంత చుట్టూ నడిచి, సందు దగ్గర ఇంకా నిలబడి ఉన్న గోడ కాడికి పోయినాడు. పని వాళ్ళు వదిలేసిన గడ్డపార ఒకటి అక్కడ పడి ఉండింది. దాన్ని తీసుకుని, కూలిన చోటికి జానెడు పక్కన గోడను పొడిచినాడు.

ఠంగుమంది. నిప్పురవ్వలు లేచినాయి. రాయి కదల్లేదు.

మళ్ళీ పొడిచినాడు. ఒంట్లో బలమంతా పెట్టి, పళ్ళు కొరికి, మళ్ళీ మళ్ళీ పొడిచినాడు. రాళ్ళ నడుమ సిమెంటు చిన్న పెచ్చుగా లేచిందే గానీ రాలలేదు. గడ్డపార అదిరి అతని అరచేతులు పగిలినాయి.

"రా, వచ్చి చూడు!" అని అరిచినాడు. "ఇది ఇసక గోడైతే ఈ పోట్లకు నిలబడతాదా? ఇదీ అదీ ఒకే దినం కట్టిందే, ఒకే పాళ్ళలో కలిపిన సిమెంటే! అది పడి ఇది ఎట్లా నిలిచింది గోమతీ? అది పడలేదు. దాన్ని పడగొట్టినారు!"

గోమతి దంతె కింద పడేసింది. గోడ దగ్గరికి వచ్చి, పోటు పడిన చోట వేలు పెట్టి చూసింది. ఆమె కూడా బేల్దారి పెళ్ళామే. ఇసక గోడ ఎట్లా రాలుతుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"ఎవురు పడగొట్టినారు?" అనింది.

"తెలీదు. ఆఫీసర్లు వచ్చి ఈ నిలిచిన గోడ చూడనీ. వాళ్ళకు గూడా ఇట్లే పొడిచి చూపిస్తా."

"నాయనా, ఇంటికి పోదాం," అన్నాడు శరవణన్. వాడి పెదాలు ఎండిపోయినాయి. "చెప్పేది విను నాయనా. ఇప్పుడే పోదాం."

అప్పుడే కంచె సందులోంచి కొత్త సుమో బండి ఒకటి దుమ్ము లేపుకుంటా వచ్చి నిలిచింది. ధనపాల్ దిగినాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, జేబులో బంగారు రంగు పెన్ను. వెనక నలుగురు మనుషులు. ఇద్దరి చేతుల్లో సమ్మెటలు, ఇద్దరి చేతుల్లో పార కట్టెలు.

అంకప్పను చూసి ధనపాల్ ఒక్క క్షణం ఆగినాడు. తర్వాత నవ్వినాడు.

"ఏమి మేస్త్రీ, ఈ పొద్దే గదా బయటికొచ్చినావు? ఒరే శరవణా, ఇంటికి తోలుకొని పొమ్మంటే ఈడికెందుకు తెచ్చినావు?"

"సమ్మెటలు ఎందుకు ముదలాళీ?" అన్నాడు అంకప్ప.

"మిగిలిన గోడ ఎప్పుడు పడతాదో ఎవురికి తెలుసు? ఆఫీసర్ల మింద పడితే? అందుకే తీసేస్తా ఉండాము."

"అది పడదు. నేను పొడిచి చూసినా."

ధనపాల్ నవ్వు ఆపేసినాడు. దగ్గరికి వచ్చి మెల్లగా మాట్లాడినాడు. "అంకప్పా, నువ్వూ నేనూ ఎన్నాళ్ళనుంచి పని జేస్తా ఉండాము? మాట విను. మట్టి మంచిది గాదని ఒక్క మాట అను. కేసు నేను జూసుకుంటా. ఈ తోట పోతే పోనీ. రేపు ఇదే నేలలో మూడంతస్తుల కాంప్లెక్సు లేస్తాది, దాని మేస్త్రివి నువ్వే. శివప్రకాశం అయ్య నాకు మాటిచ్చినాడు."

"చిన్నరాజు?"

"పోయినోడు పోయినాడు. తిరిగొస్తాడా?"

అంకప్ప గడ్డపార పట్టుకుని గోడకు వీపు ఆనించి నిలబడినాడు. "ఈ గోడ మింద సమ్మెట పడాలంటే ముందు నా మింద పడాల," అన్నాడు.

ధనపాల్ తల ఊపినాడు. అంతే.

పార కట్టె మొదట అంకప్ప డొక్కలో పడింది. రెండోది మోచేతి మీద. గడ్డపార జారిపోయింది. అతను ముందుకు వంగినాడు, వంగిన వీపు మీద ఇద్దరూ ఎడాపెడా బాదినారు. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. మట్టిలో బోర్లా పడినాడు. నోట్లో మన్ను, రక్తం. పక్కన సమ్మెటలు గోడ మీద పడతా ఉండినాయి. కొట్టేవాడు ఆయాసపడతా బూతులు తిడతా ఉండినాడు. ఆ గోడ అంత సులభంగా పడేటట్టు లేదు మరి.

గోమతి వచ్చి అన్న మీద పడింది. సమ్మెట వాడొకడు ఆమెను జుట్టు పట్టి ఈడ్చినాడు. ఆమె కేకకు బోనులో జవ్వాది లేచి నిలబడింది. కమ్మీలు పట్టుకుని ఊపింది. కడుపులోంచి వచ్చిన ఆ గర్జనకు జింకలన్నీ ఒక్కసారిగా దడి మీదికి దూకినాయి.

"విడువురా ఆమెను!" అని అరిచినాడు శరవణన్. అరిచినాడు గానీ కదల్లేదు. 

అంకప్ప చేతికి గడ్డపార తగిలింది. పడుకునే దాన్ని విసురుగా తిప్పినాడు. గోమతిని ఈడ్చేవాడి మోకాలికి తగిలి వాడు కుప్పకూలి ఊళ పెట్టినాడు. పార కట్టెల వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసినారు. అంకప్ప ఒంటి చేత్తో గడ్డపార పట్టుకుని లేచినాడు. రెండో చెయ్యి చచ్చుగా వేలాడతా ఉండింది. ముఖమంతా రక్తం. నేరుగా ధనపాల్ మీదికి నడిచినాడు.

"కొట్టండ్రా, చూస్తారేంరా!" అంటా ధనపాల్ వెనక్కి అడుగులేసినాడు. ఎవరూ ముందుకు రాలేదు. ఇంకో అడుగు. ఇంకో అడుగు. తెల్ల గీత అతని కాళ్ళ కింద పోయింది, అతను చూడలేదు. వీపు కమ్మీలకు తగిలింది.

జవ్వాది రెండు చేతులూ బయటికి వచ్చినాయి.

ఒక పంజా భుజంలో దిగింది. ఇంకోటి ఛాతీని చుట్టుకుని కమ్మీలకు అదిమింది. తెల్ల చొక్కా పరపర చినిగి, దాని కింద తోలు చినిగి, గోళ్ళు మాంసంలోకి పోయినాయి. ధనపాల్ వేసిన కేక మనిషి కేకలా లేదు. జవ్వాది మూతి కమ్మీల సందులోంచి తోసుకొచ్చి అతని పై చేతిని పళ్ళతో పట్టుకుంది. ఎముక మీద పళ్ళు గీసుకునే చప్పుడు అందరికీ వినిపించింది.

మిగిలిన సమ్మెట వాడు పారిపోయినాడు. పార కట్టెల వాళ్ళు మోకాలు విరిగిన వాణ్ణి ఈడ్చుకుంటా వాడి వెనకే పోయినారు.

"గోమతీ! పిలువు దాన్ని!" అన్నాడు అంకప్ప.

గోమతి లేచి, జుట్టు ముడివేసుకుంది. నింపాదిగా బోను దగ్గరికి నడిచింది. ఆమె ఒక్క మాట అంటే జవ్వాది విడిచిపెడుతుంది. అది తోటంతటికీ తెలుసు. ధనపాల్‌కూ తెలుసు.

"తల్లీ, చెప్పమ్మా... చెప్పు దానికి... కాళ్ళు మొక్కతా..."

"గోడ ఎవురు కూల్చినారు?"

"అమ్మా..."

గోమతి కదల్లేదు. జవ్వాది తల విదిలించింది. రక్తం కమ్మీల మీద చిమ్మింది.

"చచ్చిపోతాడే! పిలువు గోమతీ!" అని అరిచినాడు అంకప్ప. అతనికి ఆ మనిషి మీద జాలి లేదు. చెల్లెలి ముఖం చూస్తేనే భయమేసింది.

"నా మొగుడు రాళ్ళ కింద ఊపిరాడక కొట్టుకున్నప్పుడు ఎవురన్నా పిలిచినారా అన్నా?" ఆమె ధనపాల్ ముఖంలోకి వంగింది. "చెప్పు. గోడ ఎవురు కూల్చినారు?"

"లారీ! లారీతో గుద్దించినాము! కంకర లారీ... వెనక్కి తోలి గుద్దించినాము. తోట ఆగిపోవాలని. అంతే అమ్మా, మనిషి లోపల ఉండాడని తెలీదు. దేవుడి మింద ఒట్టు..."

"ఎవురు తోలినారు?"

ధనపాల్ కళ్ళు తేలేసినాడు. జవ్వాది పట్టు సవరించుకుంది. అతని ఒళ్ళంతా జలదరించింది.

"నేను జెప్పినా... తోలింది నేను గాదు..." అతని చూపు గోమతిని దాటి, అంకప్పను దాటి వెనక్కి పోయింది. "మీవాడే. మీ శరవణనే."

"జవ్వాదీ, వొద్దు. విడు తల్లీ," అనింది గోమతి.

పంజాలు వెనక్కి పోయినాయి. ధనపాల్ గోనెమూటలా కిందికి జారి, తెల్ల గీత మీద పడి మూలిగినాడు. ఎవరూ అతన్ని చూడలేదు.

అంకప్ప వెనక్కి తిరిగినాడు. కాదని చెప్తాడని చూసినాడు. వీడు అబద్ధమాడతా ఉండాడు నాయనా అని కొడుకు అరుస్తాడని, ఎగిరి వచ్చి ధనపాల్ డొక్కలో తంతాడని చూసినాడు. శరవణన్ రెండు చేతులతో తల పట్టుకుని నిలబడినాడు.

"పని వాళ్ళంతా అన్నానికి పోయినారన్నారు," అన్నాడు వాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దొరికినప్పటి గొంతు అది. "గుంతలో ఎవురూ లేరన్నారు. మామ ఆడ పూత పూస్తా ఉండాడని నాకు తెలీదు నాయనా. గోడ పడినాక... ఆయన చెయ్యి కనపడింది. కదలతా ఉండింది. నేను... భయమేసి లారీ తోలుకుని పోయినా."

"కదలతా ఉండిందా?" అనింది గోమతి.

శరవణన్ ఒక అడుగు వెనక్కి వేసినాడు. తను ఏం చెప్పినాడో అప్పుడే తెలిసినట్టు వాడి ముఖం పాలిపోయింది.

"ప్రాణం ఉండిందా ఆయనకు? నువ్వు చూసి... చూసి పోయినావా?"

గేటు దగ్గర జీపు హారను మోగింది. బీగం తెరిచే చప్పుడు. మదరాసు ఆఫీసర్లు వచ్చినారు. ఇంకాసేపట్లో వాళ్ళు ఈ మలుపు తిరుగుతారు. బోను ముందర రక్తపు మడుగులో కాంట్రాక్టరును, నోరంతా ఎర్రగా ఉన్న ఎలుగుబంటిని చూస్తారు. ఇంక తోటకు గ్రాంటు ఎవరిస్తారు? జవ్వాదిని బతకనిస్తారా? ఈ ఆలోచనలు అంకప్ప తలలో మెరుపులా వచ్చి పోయినాయి. ఒక్కటీ నిలబడలేదు.

ఎందుకంటే గోమతి అతని చేతిలోని గడ్డపార లాగేసుకుంది. ఎట్లా లాక్కుందో అతనికి తెలియనే లేదు. ఆమె ఇప్పుడు ఏడవడం లేదు. మేనల్లుడి వైపు నడిచింది. శరవణన్ పారిపోలేదు. కళ్ళు మూసుకుని అక్కడే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అత్తా," అన్నాడు. అంతకు మించి అడగలేదు.

అంకప్ప విరిగిన చెయ్యి పట్టుకుని పరిగెత్తినాడు. కొడుక్కీ చెల్లెలికీ నడుమ వచ్చి నిలబడినాడు.

"పక్కకు జరుగన్నా," అనింది గోమతి. గడ్డపార ఆమె తల పైకి లేచింది. "నీకు దండం పెడతా. జరుగు."

జీపు మలుపు తిరిగింది. ఎవరో కేక వేసినారు.

అంకప్ప జరగలేదు.

గడ్డపార విసురుగా దిగింది.

(మిగతా వచ్చే వారం)